ఛాజన్‌కు మందు తర్వాత, ముందు కారణం



చర్మం దురద పెట్టి, ఎర్రబడి, చిన్న చిన్న పొక్కులు లేచి నీరు కారి, ఆ తర్వాత ఎండి పొలుసులు కట్టే జబ్బును మన ఇళ్లలో ఛాజన్ అంటారు. పక్కింటి తమిళులు కరప్పాన్ అంటారు. మందుల షాపువాడు ఎగ్జిమా అంటాడు. తెలుగులో చాలామంది తామర అనేస్తారు. ఇక్కడే చిక్కు మొదలవుతుంది. ఎందుకంటే దాద్‌ను, అంటే ఫంగస్ వల్ల గుండ్రంగా పాకే మచ్చను కూడా మనం తామర అనే అంటాం. రెండు జబ్బులకూ ఒకే పేరు పెట్టుకుని, ఒకే ట్యూబు కొని, ఇంటిల్లిపాదీ రాసుకుంటున్నాం. ఒకదాన్ని తగ్గించే మందు రెండోదాన్ని పెంచుతుందని ఎంతమందికి తెలుసు?

వేలూరు, గుడియాత్తం, పేర్ణాంబట్టు, ఆంబూరు, రాణిపేట. మన ఆర్కాడు సీమలో ఈ జబ్బుకు మిగతా ఊళ్లలో లేని ప్రాధాన్యం ఉంది. ఎందుకో కింద చెబుతాను. ఈ వారం నేను చెప్పదలచిన మాట ఒక్కటే. ఛాజన్ వచ్చిన మనిషికి కషాయం ఇవ్వాలా, ట్యూబు ఇవ్వాలా, ఇంజెక్షన్ ఇవ్వాలా అనేది రెండో ప్రశ్న. ఆ చర్మానికి రోజూ ఏం తగులుతోంది అనేది మొదటి ప్రశ్న. మొదటిదానికి జవాబు వెతకకుండా రెండోదానికి డబ్బు ఖర్చు పెట్టడం చిల్లి కుండలో నీళ్లు పోయడమే.

ఇది ఛాజనేనా?

ముందు నాలుగు జబ్బులను వేరు చేసుకోవాలి.

ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి దురద వస్తోందా? రాత్రి పడుకున్నాక ఎక్కువవుతోందా? వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ ఉందా? అయితే అది గజ్జి కావచ్చు. అది కంటికి కనిపించనంత చిన్న పురుగు వల్ల వస్తుంది. ఇంట్లో అందరూ ఒకేసారి మందు రాసుకోవాలి, బట్టలూ దుప్పట్లూ వేడినీళ్లలో ఉతకాలి. ఛాజన్ అంటువ్యాధి కాదు. గజ్జి అంటువ్యాధి.

మచ్చ గుండ్రంగా ఉండి, అంచు ఎర్రగా ఉబ్బి, మధ్యలో నయమైనట్టు కనిపిస్తే అది దాద్. తొడల మధ్య, నడుము పట్టీ దగ్గర ఎక్కువ. చర్మాన్ని కాస్త గీకి ఒక చుక్క ద్రావకం వేసి మైక్రోస్కోప్ కింద చూస్తే ఫంగస్ పోగులు కనిపిస్తాయి. దీన్ని కె.ఓ.హెచ్. పరీక్ష అంటారు. నిమిషాల పని, ఖర్చూ తక్కువే. ఈ ఒక్క పరీక్ష చేయించుకుంటే వందల రూపాయల ట్యూబులు మిగులుతాయి.

మోచేతుల మీద, మోకాళ్ల మీద, తల మీద వెండి రంగు పొలుసులతో దళసరిగా ఉంటే అది సోరియాసిస్ కావచ్చు. మన తిబ్బులో దాన్ని దావుస్సదఫ్ అంటారు. దాని దారి వేరు.

ఇక నాలుగోది. మచ్చ పాలిపోయి ఉంది, దురద లేదు, పైగా దూది తాకినా సూది గుచ్చినా తెలియడం లేదు. అది ఛాజన్ కాదు. కుష్ఠు కావచ్చు. భయపడనక్కర లేదు, దాచనక్కర అంతకంటే లేదు. మన వేలూరు పక్కనే కరిగిరిలో 1955 నుంచి కుష్ఠు వైద్యశాల పనిచేస్తోంది. పాల్ బ్రాండ్ అనే డాక్టరు ఈ వేలూరులోనే కుష్ఠు రోగుల వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్స చేసి లోకానికి దారి చూపాడు. మందులు ఉచితం, పూర్తిగా నయమవుతుంది. ఇంత దగ్గరలో ఇంత ఏర్పాటు ఉండగా స్పర్శ లేని మచ్చకు ఛాజన్ మందు రాసుకుంటూ ఏళ్లు గడపడం ఎంత అన్యాయం!

"రక్తం చెడింది" అనే మాట

మన తిబ్బె యునానీలో ఛాజన్‌ను నారె ఫార్సీ అన్నారు. నార్ అంటే నిప్పు. మండే జబ్బు కాబట్టి ఆ పేరు. దమ్, బల్గమ్, సఫ్రా, సౌదా అనే నాలుగు ఖిల్తులలో సఫ్రా వేడి రక్తంలో చేరితే నీరు కారే కొత్త ఛాజన్, సౌదా చేరితే నల్లబడి దళసరెక్కే పాత ఛాజన్ అని హకీములు వివరించారు. అందుకే షాహ్‌తరా, చిరాయతా, ఉన్నాబ్, సర్‌ఫోకా వంటి ముసఫ్ఫీ మందులు, అంటే రక్తశుద్ధి మందులు వాడుకలోకి వచ్చాయి.

కాని అదే తిబ్బులో ఇలాజ్‌కు మొదటి సూత్రం ఏమిటి? ఇజాలయె సబబ్. అంటే కారణాన్ని తొలగించడం. ముంజిజ్, ముస్హిల్, మర్హమ్ అన్నీ దాని తర్వాతే. ఈ మొదటి సూత్రాన్ని వదిలేసి "రక్తం చెడింది, మూడు నెలలు ఈ షర్బత్ తాగండి" అనడం యునానీ కాదు, యునానీ పేరుతో వ్యాపారం.

ఈనాటి వైద్యం ఏమంటోంది? చర్మం ఒక గోడ లాంటిది. కణాలు ఇటుకలు, వాటి మధ్య కొవ్వు సున్నం. కొందరికి పుట్టుకతోనే ఆ గోడ పలచన. గోడను గట్టిగా ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ జన్యువులో లోపం ఉంటే ఛాజన్ వచ్చే అవకాశం పెరుగుతుందని 2006లో తేలింది. ఆ ఇళ్లలోనే ఉబ్బసం, తుమ్ముల జలుబు కూడా ఎక్కువ. పసిబిడ్డకు బుగ్గల మీద, కాస్త పెరిగాక మోచేతుల, మోకాళ్ల మడతల్లో వచ్చే ఛాజన్ ఈ కోవలోది. దీన్ని అటోపిక్ అంటారు. రెండో కోవ, బయటి వస్తువు తగిలి వచ్చేది. దీన్ని కాంటాక్ట్ అంటారు. పెద్దవయసులో, అదీ చేతుల మీద మొదలైతే ముందు ఈ రెండోదాన్నే అనుమానించాలి.

మన ఊళ్ల చేతులు

ఇప్పుడు మన సీమ సంగతికి వస్తాను.

ఒకప్పుడు ఇక్కడ తోళ్లు తంగేడు చెక్కతో, కరక్కాయతో పదును చేసేవారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మద్రాసులో క్రోమ్ పద్ధతి మొదలై, క్రమంగా మన కార్ఖానాలను ఆక్రమించింది. వారాలు పట్టే పని రోజుల్లో అయిపోయింది. ఊళ్లకు డబ్బు వచ్చింది. దాంతోపాటు క్రోమియమ్ కూడా వచ్చింది. పదునుకు వాడే క్రోమ్ ఉప్పు అంత చురుకైనది కాదు. అది మారి ఏర్పడే ఆరో రకం క్రోమియమ్ మాత్రం చర్మానికి గట్టి శత్రువు. అందుకే 2015 మే నుంచి యూరప్ దేశాలు చర్మానికి తగిలే తోలు వస్తువుల్లో ఆ రకం క్రోమియమ్ కిలోకు 3 మిల్లీగ్రాములు మించకూడదని కట్టడి చేశాయి. మన బూటు తొడుక్కునే పరాయి దేశస్థుడి పాదానికి ఆ రక్షణ ఉంది. ఆ తోలును తడిలో తిరగేసే మన మనిషి చేతికి ఏ రక్షణ ఉంది? మీరే ఆలోచించండి.

తోళ్ల కార్ఖానా ఒక్కటే కాదు. గుడియాత్తం అగ్గిపెట్టెలకు పేరుపడ్డ ఊరు. అగ్గిపుల్ల మందులో కలిపేవాటిలో పొటాషియమ్ డైక్రోమేట్ ఒకటి, అది కూడా క్రోమియమే. మేస్త్రీ చేతిలో సిమెంటు, అందులోనూ క్రోమియమ్ ఉంటుంది. బీడీలు చుట్టే ఆడవాళ్ల వేళ్లకు పొగాకు దుమ్ము. లుంగీల మగ్గాల దగ్గర రంగులు. పొలం గట్ల మీద, రైలు పట్టాల పక్కన వయ్యారిభామ కలుపు. దాని పుప్పొడి, ఎండిన ఆకు పొడి గాలిలో కలిసి ముఖం, మెడ, మోచేతి మడతల్లో ఛాజన్ లేపుతుంది.

ఇళ్లలోకి రండి. పెళ్లి వంట చేసే బావర్చీకి కుడిచేతి వాటం అయితే ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు కొసలు పగులుతాయి. ఎందుకంటే వెల్లుల్లిని పట్టుకునేది ఆ వేళ్లతోనే. గిన్నెలు తోమే సబ్బు, బట్టల పొడి, ఫినాయిల్ చర్మం గోడలోని కొవ్వును కడిగేస్తాయి. పెళ్లిళ్లలో "బ్లాక్ మెహందీ" అని పెట్టేదానిలో అసలు గోరింటాకు రంగు కాదు, హెయిర్ డైలో ఉండే పి.పి.డి. అనే రసాయనం ఉంటుంది. పెళ్లికూతురి చేతి మీద డిజైన్ ఎలా ఉందో అలాగే పొక్కులు లేస్తాయి. అదే రసాయనం గడ్డానికి, తలకు నల్లరంగు వేసుకునే పెద్దలకు కనురెప్పలు వాచేలా చేస్తుంది. గిల్టు నగలు, గడియారం వెనుక మూత, ముసుగుకు పెట్టే పిన్నులు, వీటిలో నికెల్. అత్తరు, సెంటు రాసుకున్నచోట మచ్చ. ఇవన్నీ రక్తం చెడి వచ్చినవా? కావు. బయట నుంచి తగిలినవి.

ఏ పరీక్ష ఎందుకు?

"డాక్టరుగారూ, ఎలర్జీ పరీక్ష రాయండి" అని అడగడం ఇప్పుడు అలవాటైంది. ఎలర్జీ పరీక్ష అనేది ఒకటి కాదు.

తగిలి వచ్చే ఛాజన్‌కు సరైనది ప్యాచ్ పరీక్ష. 1895లో యాదాసోన్ అనే జర్మన్ వైద్యుడు దీన్ని లోకానికి చూపాడు. ఈనాటికీ దీనికి సాటి మరొకటి రాలేదు. అనుమానం ఉన్న పదార్థాలను చిన్న చిన్న బిళ్లల్లో పెట్టి వీపు మీద అంటిస్తారు. సూది లేదు, రక్తం తీయడం లేదు. రెండు రోజుల తర్వాత తీసి చూస్తారు, మళ్లీ మూడో నాలుగో రోజున చూస్తారు. కొన్నిటికి వారం తర్వాత కూడా చూడాలి. ఎక్కడ ఎర్రబడి ఉబ్బితే అక్కడి పదార్థం మీకు పడదని అర్థం. మన దేశానికి తగినట్టు క్రోమియమ్, నికెల్, పి.పి.డి., వయ్యారిభామ వంటివి చేర్చిన ఇండియన్ స్టాండర్డ్ సిరీస్ ఉంది. వేలూరులో సి.ఎం.సి. ఆసుపత్రి చర్మవిభాగం మనకు దగ్గర. అడుక్కంపారైలో 2005లో మొదలైన ప్రభుత్వ వైద్యకళాశాల ఆసుపత్రిలో కూడా చర్మవైద్యులు ఉన్నారు. ముందు అక్కడ చూపించుకుని, ప్యాచ్ పరీక్ష అవసరమా అని అడగండి.

వెళ్లేముందు తెలుసుకోవలసినవి. జబ్బు ఒంటినిండా మండుతున్నప్పుడు ఈ పరీక్ష చేయరు. వీపు మీద స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ వారం ముందే మానాలి. స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే డాక్టరుకు చెప్పాలి, సొంతంగా మానకూడదు. బిళ్లలు ఉన్నన్నాళ్లు వీపు తడవకూడదు, చెమట పట్టే బరువు పని కూడదు. వీపు వుజూలో భాగం కాదు కాబట్టి నమాజుకు ఆటంకం లేదు. మీరు పనిలో వాడే గ్లౌజు, చెప్పు, సబ్బు కవరు, హెయిర్ డై ప్యాకెట్ వెంట తీసుకువెళ్లండి. రోజంతా చేతికి ఏమేం తగులుతాయో కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఆ కాగితం సగం రోగనిర్ణయం.

ప్రిక్ పరీక్ష, రక్తంలో ఐ.జి.ఇ. పరీక్ష వేరు. అవి ఉబ్బసం, తుమ్ములు, తిన్న వెంటనే దద్దుర్లు లేచే ఎలర్జీలకు. ఐ.జి.ఇ. ఎక్కువగా ఉన్నంతమాత్రాన ఛాజన్‌కు కారణం దొరికినట్టు కాదు. ఛాజన్ ఉన్నవారిలో అది మామూలుగా ఉండవచ్చు కూడా. వేల రూపాయలు పెట్టి వంద పదార్థాల జాబితా ఉన్న రక్తపరీక్ష చేయించుకుని, అందులో గుర్తు పడిన గోధుమ, పాలు, గుడ్డు, చేప అన్నీ బిడ్డకు మాన్పించే తల్లులను చూస్తున్నాం. బిడ్డ ఛాజన్ తగ్గదు, బరువు తగ్గుతుంది. చిన్నపిల్లల్లో కొందరికి ఆహారం వల్ల ఛాజన్ పెరగడం నిజమే. కాని అది డాక్టరు పర్యవేక్షణలో, ఒక్కొక్క పదార్థం మాన్పించి, మళ్లీ పెట్టి చూసి తేల్చవలసిన విషయం. వంకాయ, గుడ్డు, మాంసం అందరికీ నిషేధం అనే మాటకు ఆధారం లేదు.

అటోపిక్ ఛాజన్‌కు అసలు పరీక్ష వైద్యుడి కళ్లే. ఎక్కడ వచ్చింది, ఎప్పటి నుంచి, ఇంట్లో ఎవరికి ఉబ్బసం, చర్మం పొడిగా ఉంటుందా, ఈ ప్రశ్నలతోనే తేల్చుతారు. ఎంతకీ తేలకపోతే చర్మం చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తారు.

చికిత్స మెట్లు

మొదటి మెట్టు తేమ. స్నానం గోరువెచ్చని నీటితో, క్లుప్తంగా. ఘాటైన సబ్బు వద్దు. ఒళ్లు అద్దుకుని, తడి పూర్తిగా ఆరకముందే వాజిలిన్ వంటి లేపనం రాయాలి. రోజుకు రెండుసార్లు, జబ్బు తగ్గినా మానకుండా. కొబ్బరినూనె మంచిదే. ఫిలిప్పీన్స్‌లో ఛాజన్ రోగులపై చేసిన పరీక్షల్లో స్వచ్ఛమైన కొబ్బరినూనె మేలు చేసింది. ఆలివ్ నూనె సంగతి అలా కాదు. అది చర్మం గోడను బలహీనపరుస్తుందని 2013లో ఇంగ్లండులో చేసిన పరీక్షలో తేలింది. రోగన్ జైతూన్ తినడానికి ఎంతో మంచిది, ఛాజన్ మీద రుద్దడానికి కాదు. ఆవనూనె మంట పుట్టిస్తుంది.

రోజుకు ఐదుసార్లు వుజూ చేసే చేతికి నీరు శత్రువు కాదు. అద్దకుండా గాలికి వదిలేయడం, సబ్బు రుద్దడం శత్రువులు. వుజూ అయ్యాక మెత్తటి గుడ్డతో అద్దుకుని లేపనం రాయండి. చర్మం పగిలి పుండై నీరు తగిలితే జబ్బు పెరుగుతుందని వైద్యుడు చెబితే, మసహ్, తయమ్ముమ్ విషయం మీ ఆలిమ్‌ను అడగండి. దీన్‌లో సౌలభ్యపు తలుపు ఉంది, దాన్ని మూసుకుని బాధపడనక్కర లేదు.

రెండో మెట్టు స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్. హకీమును అయినా నిస్సంకోచంగా రాస్తున్నాను. వైద్యుడు చెప్పిన బలం, చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు వాడితే స్టెరాయిడ్ విషం కాదు. చూపుడువేలు చివరి కణుపు పొడవున పిండితే సుమారు అర గ్రాము, అది రెండు అరచేతులంత చర్మానికి చాలు. విషం ఎప్పుడవుతుంది? క్లోబెటాసాల్ వంటి బలమైన స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపిన ట్యూబును చీటీ లేకుండా కొని ముఖానికి, తొడల మధ్య నెలల తరబడి రాసినప్పుడు. చర్మం కాగితంలా పలచనవుతుంది, చారలు పడతాయి, దాద్ ఒంటినిండా పాకుతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్లను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని కట్టడి చేసింది. చట్టం ఉంది. అడిగితే ఇచ్చే అలవాటూ ఉంది. కాబట్టి మనమే అడగకుండా ఉండాలి.

ముఖం, కనురెప్పలు, మడతలు వంటి సున్నితమైన చోట్లకు టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్ ఉంది. ఇది స్టెరాయిడ్ కాదు, చర్మాన్ని పలచన చేయదు, మొదటి రోజుల్లో కాస్త మండుతుంది. మూడో మెట్టు కాంతి చికిత్స, వారానికి రెండు మూడుసార్లు ప్రత్యేకమైన అతినీలలోహిత కాంతి. నాలుగో మెట్టు మెథోట్రెక్సేట్, అజాథయోప్రిన్, సైక్లోస్పోరిన్ వంటి మాత్రలు. ఇవి వాడేటప్పుడు రక్తం, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు క్రమం తప్పకూడదు.

కొత్తగా వచ్చినవాటిలో డుపిలుమాబ్ అనే ఇంజెక్షన్ ఉంది. అమెరికాలో 2017లో అనుమతి పొందింది. పెద్దవారికి సాధారణంగా రెండు వారాలకు ఒకటి. దురదను పుట్టించే సంకేతాన్నే ఆపుతుంది. మన దేశంలోనూ దొరుకుతోంది కాని సామాన్యుడికి మోయలేని ఖర్చు. ఉపాడాసిటినిబ్, అబ్రోసిటినిబ్ అనే మాత్రలు 2022లో అక్కడ అనుమతి పొందాయి. దురద త్వరగా తగ్గిస్తాయి. కాని వాడేముందు క్షయ పరీక్ష తప్పనిసరి. మన దేశంలో నిద్రాణంగా క్షయ ఉన్నవారు ఎక్కువ, ఈ మాత్రలు దాన్ని మేల్కొలపవచ్చు. ఇవన్నీ తీవ్రమైన అటోపిక్ ఛాజన్‌కు ఉద్దేశించినవి. క్రోమియమ్ తగిలి వచ్చిన ఛాజన్‌కు ఎంత ఖరీదైన ఇంజెక్షన్ వేసినా, మర్నాడు అదే తడి తోలును ఉత్త చేత్తో ఎత్తితే లాభమేమిటి?

యునానీ ఎక్కడ నిలబడాలి?

"మీరు హకీములై ఉండి అల్లోపతి పరీక్షలు చేయించుకోమంటారేం?" అని అడిగేవారు ఉంటారు. ఇబ్నె సీనా తన ఖానూన్‌లో మందు గుణాన్ని పరీక్షించి తేల్చడానికి నియమాలు రాసి పెట్టారు. హకీమ్ అజ్మల్ ఖాన్ ఢిల్లీ తిబ్బియా కాలేజీలో పరిశోధనకు రసాయన శాస్త్రవేత్తలను పిలిపించారు. మన అస్రోల్, అంటే సర్పగంధ వేరు నుంచి సలీముజ్జమాన్ సిద్దీఖీ వేరుచేసిన పదార్థానికి 1931లో అజ్మలిన్ అని ఆయన పేరే పెట్టారు. హైదరాబాదు ఎర్రగడ్డలో కేంద్ర ప్రభుత్వ యునానీ చర్మవ్యాధుల జాతీయ పరిశోధన సంస్థ ఉంది. పరీక్షకు భయపడటం మన పెద్దల సంప్రదాయం కాదు.

యునానీ చేయగలిగింది తక్కువేమీ కాదు. గాలి, తిండి, కదలిక, మనసు, నిద్ర, విసర్జన. ఈ అస్బాబె సిత్తా జరూరియాను సరిదిద్దడం మన బలం. ఛాజన్ రోగికి నిద్ర చెడితే దురద పెరుగుతుంది, దురద పెరిగితే నిద్ర చెడుతుంది. మనసు కుంగితే రెండూ పెరుగుతాయి. ఈ చక్రాన్ని తెంచడంలో, మలబద్ధకం, అజీర్ణం సరిచేయడంలో, ఇత్రీఫల్ షాహ్‌తరా, షర్బత్ ఉన్నాబ్ వంటివి తోడుగా ఇవ్వడంలో మన పాత్ర ఉంది. అయితే వీటిని ఆధునిక మందులతో పెద్ద ఎత్తున పోల్చి చూసిన పరీక్షలు తక్కువ. అందుకే తోడు అంటున్నాను, బదులు అనడం లేదు. మెథోట్రెక్సేట్ వంటి మాత్రలు వాడుతూ మాకు చెప్పకుండా మా మందు తినకండి, మా మందు తింటూ డాక్టరుకు చెప్పకుండా దాచకండి. రెండూ కలిసి కాలేయం మీద పడవచ్చు.

కొన్ని మాత్రం నిక్కచ్చిగా వద్దు. నల్లజీడి, అంటే భిలావా, చర్మం మీద పూయడం వద్దు. దాని రసం తగిలితేనే ఒళ్లు పొక్కుతుంది. వెల్లుల్లి నూరి కట్టడం వద్దు, చర్మం కాలుతుంది. నీరు కారే చర్మం మీద హిజామా వద్దు. పాదరసం, సంఖియా కలిసిన కుష్తాలు పిల్లలకు అసలే వద్దు. "మూలికలే, స్టెరాయిడ్ లేదు" అని చెప్పి లేబుల్ లేని డబ్బాలో ఇచ్చే లేపనం రెండు రోజుల్లో మంత్రం వేసినట్టు తగ్గిస్తే సంతోషించకండి, అనుమానించండి. 1999లో లండన్‌లో ఇలాంటి 11 మూలికా లేపనాలను ల్యాబ్‌లో పరీక్షిస్తే 8 లో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ బయటపడింది. మూలికల పేరు చెడేది ఇలాంటివారి వల్లనే.

యజమానులకు ఒక మాట

ఈ పత్రిక చదివే కుటుంబాల్లో కార్ఖానా యజమానులు ఉన్నారు, అక్కడ పనిచేసేవారూ ఉన్నారు. జుమా నాడు ఇద్దరూ ఒకే సఫ్‌లో భుజం కలిపి నిలబడతారు. ఆ ఇద్దరి చేతులూ పక్కపక్కన పెట్టి చూడండి.

పాలారు కాలుష్యం మీద సుప్రీంకోర్టు 1996లో ఒకసారి, 2025 జనవరిలో మరోసారి తీర్పు ఇచ్చింది. రాణిపేటలో 1995లో మూతపడిన క్రోమేట్ ఫ్యాక్టరీ వ్యర్థాల గుట్ట గురించి ఎన్నో వార్తలు చదివాం. నది గురించి, భూమి గురించి మాట్లాడటం న్యాయమే. కాని చేతుల గురించి ఎవరు మాట్లాడుతున్నారు? 1948 ఫ్యాక్టరీల చట్టంలో ప్రభుత్వానికి తెలియజేయవలసిన వ్యాధుల జాబితాలోనే క్రోమ్ పుండ్లు, రసాయనాలు తగిలి వచ్చే చర్మవ్యాధి ఉన్నాయి. 2025 నవంబరులో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన కొత్త స్మృతిలోనూ ఆ జాబితా కొనసాగింది. అంటే ఇది దయ కాదు, బాధ్యత.

ఖర్చు ఎంత? తోలు గ్లౌజులు ఇవ్వకండి, అవి కూడా క్రోమ్‌తో పదును చేసినవే. కొందరికి రబ్బరు గ్లౌజులు కూడా పడవు. పనికి తగిన మందం ఉన్న నైట్రైల్ గ్లౌజులు, లోపల పలచటి నూలు గ్లౌజు, చిరిగితే మార్చే ఏర్పాటు. చేతులు కడగడానికి మంచినీరు, పక్కన ఒక లేపనం డబ్బా. చేతులు పగిలినవాడికి ప్యాచ్ పరీక్ష ఖర్చు, ఆ వారం కూలి. పరీక్షలో క్రోమియమ్ అని తేలితే పని నుంచి తీసేయకుండా పొడి విభాగానికి మార్చడం. ఈ చివరిది అన్నిటికన్నా ముఖ్యం. "పరీక్షకు పోతే పని పోతుంది" అనే భయంతోనే ఎంతోమంది చేతులు దాచుకుంటున్నారు. క్రోమియమ్ ఎలర్జీ ఒకసారి వస్తే ఏళ్ల తరబడి వదలదు. ముందు తెలిస్తే మనిషి బతుకు మిగులుతుంది, ఆలస్యంగా తెలిస్తే పనీ పోతుంది, చెయ్యీ పోతుంది.

కార్మిక సోదరులకు కూడా ఒక మాట. గ్లౌజు ఇచ్చినా "చెయ్యి ఆడదు" అని మూలన పడేసేవారు ఉన్నారు. వారం రోజులు ఓర్చుకుంటే చెయ్యి ఆడుతుంది. సెలవు రోజుల్లో దురద తగ్గి, పనికి వెళ్లగానే పెరుగుతోందా? అది గుర్తు పెట్టుకుని డాక్టరుకు మొదట చెప్పండి.

ఆడపిల్లల తల్లిదండ్రులకు మరొక మాట. చేతి మీద ఛాజన్ ఉందని సంబంధాలు తప్పిపోతాయేమోనని ముసుగులో దాచి, చాటున ట్యూబులు రాయిస్తున్నారు. ఇది అంటుకోదు. పరీక్ష చేయించండి, తోమే సబ్బు మార్చండి, గిల్టు గాజు తీయించండి. చాలామందికి దానితోనే సగం తగ్గుతుంది.

చివరగా, ఆలస్యం చేయకూడని గుర్తులు. ఛాజన్ మీద చీము, పసుపు పక్కులు కట్టి జ్వరం వస్తే, ఒక్కసారిగా గుంటలు పడ్డట్టు నొప్పి పొక్కులు గుంపుగా లేస్తే, ఒళ్లంతా ఎర్రబడి వణుకు వస్తే హకీము దగ్గరకు కూడా రావద్దు, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

ప్రతి జబ్బుకూ మందు ఉందని మన నమ్మకం. ఆ మందు ఒక్కోసారి సీసాలో ఉండదు, ఒక జత గ్లౌజుల్లో ఉంటుంది, మానేసిన ఒక డబ్బా రంగులో ఉంటుంది. వెతికేవారికి దొరుకుతుంది, ఇన్షా అల్లాహ్.